కరెంటు మనిషిని పట్టుకుంటుందా?

తడి బట్టలు దండెం మీద ఆరవేయడం ప్రాణం మీదికి తెచ్చే పని అని మీరెప్పుడైనా అనుకున్నారా? అనుకుని ఉండరు. కాని వానాకాలం వచ్చిందంటే పేపర్లో ఎక్కడో ఒక మూల ఇలాంటి వార్త కనబడుతూనే ఉంటుంది. ఇల్లాలు పెరట్లో బట్టలు ఆరవేస్తూ కెవ్వున కేకవేసింది. భర్త పరుగెత్తుకొచ్చి ఆమెను పట్టుకున్నాడు. ఆ ఇద్దరినీ విడదీయబోయి కొడుకో, అత్తగారో చెయ్యి వేశారు. పొద్దున కాఫీలు తాగిన ఇంట్లో మధ్యాహ్నానికి ఏడుపులు.

చదివినవాళ్ళు ‘అయ్యో పాపం, ఎంత విధి!’ అనుకుని పేజీ తిప్పేస్తారు. కాని ఇందులో విధి పాత్ర చాలా తక్కువ. ఆ దండెం ఇనపతీగ కాక ప్లాస్టిక్ తాడు అయి ఉంటే మొదటి ప్రమాదం జరిగేదే కాదు. షాకు కొట్టిన మనిషిని ఎలా విడిపించాలో ఇంట్లో ఒక్కరికి తెలిసి ఉన్నా రెండో ప్రాణం, మూడో ప్రాణం పోయేవి కావు. ఎవరో తెలివితక్కువవాళ్ళకి జరిగే ప్రమాదం కాదిది. ఆత్మీయుల్ని కాపాడాలని ఆత్రంగా చెయ్యి చాపినవాళ్ళకి జరిగే ప్రమాదం. అందుకే ఇది ఎలక్ట్రీషియన్ ఒక్కడికే సంబంధించిన విషయం కాదు. ఇంటిల్లిపాదీ తెలుసుకోవలసిన ఆరోగ్య విషయం.

కరెంటుకి కావలసింది దారి

మన ఇళ్ళకి వచ్చే కరెంటు 230 ఓల్టులు. సాధారణంగా రెండు తీగలు ఇంట్లోకి వస్తాయి. ఒకదాన్ని ఫేజు అంటారు, రెండోదాన్ని న్యూట్రల్ అంటారు. ఫేజులోంచి బయల్దేరిన కరెంటు బల్బులోంచో, ఫ్యానులోంచో ప్రవహించి న్యూట్రల్ గుండా తిరిగి వెళ్ళిపోతుంది. ఈ చుట్టు పూర్తయితేనే ప్రవాహం ఉంటుంది. మధ్యలో ఎక్కడ తెగినా ఆగిపోతుంది. స్విచ్చి చేసే పని అదే.

అయితే న్యూట్రల్‌ని ట్రాన్స్‌ఫార్మరు దగ్గర భూమిలోకి కూడా కలిపి ఉంచుతారు. అంటే మన కాళ్ళకింద ఉన్న నేల కూడా కరెంటు తిరిగి వెళ్ళడానికి ఒక దారే అన్నమాట. మీరు వట్టికాళ్ళతో నేలమీద నిలబడి ఫేజు తీగను ముట్టుకుంటే, చేతిలోంచి ఛాతీలోంచి కాళ్ళలోంచి నేలలోకి ఆ చుట్టు పూర్తవుతుంది. ఆ దారిలో మీ గుండె కూడా ఉంటుంది.

కరెంటు తీగ మీద కాకి హాయిగా కూర్చుంటుంది కదా, దానికేం కాదే అని పిల్లలు అడుగుతూ ఉంటారు. దాని రెండు కాళ్ళూ ఒకే తీగమీద ఉన్నాయి. నేలను గాని, పక్క తీగను గాని తాకడం లేదు. దాని ఒంట్లోంచి వెళ్ళడానికి కరెంటుకి దారి లేదు. అదే కాకి రెక్క చాపి రెండో తీగను తాకిందా, టప్పున రాలిపోతుంది.

ఇప్పుడు దండెం సంగతి చూడండి. చాలా ఇళ్ళల్లో ఇనపతీగ ఒక కొసను కిటికీ ఊచకో, రేకుల షెడ్డు దూలానికో కడతారు. స్తంభం నుంచి ఇంట్లోకి వచ్చే సర్వీసు వైరు అక్కడికి దగ్గర్లోనే ఉంటుంది. ఎండకి ఎండి, వానకి తడిసి, గాలికి రాసుకుని, ఏళ్ళు గడిచేసరికి ఆ వైరు మీది తొడుగు పగులుతుంది. లోపలి తీగ రేకుకో, ఊచకో తగులుతుంది. అక్కణ్ణించి దండెంలోకి కరెంటు వచ్చేస్తుంది. ఎండాకాలంలో పొడిచేతులతో, చెప్పులేసుకుని ముట్టుకుంటే ఒక్కోసారి ఏమీ తెలియదు. వాన పడి నేల తడిసిన రోజున, వట్టికాళ్ళతో, నీళ్ళోడుతున్న చీరను ఆ తీగమీద వేస్తే మాత్రం చుట్టు పూర్తవుతుంది.

తడి చేసే హాని

తడికి ఎందుకంత ప్రాధాన్యం? మన చర్మం కరెంటుని కొంతవరకు అడ్డుకుంటుంది. చేతులు పొడిగా, కాయకాచి ఉంటే ఆ అడ్డు వేల ఓముల్లో ఉంటుంది. 50,000 ఓములనుకుందాం. 230 ఓల్టుల కరెంటు ముట్టుకుంటే ఒంట్లోంచి వెళ్ళేది 5 మిల్లీ ఆంపియర్ల లోపే. జిల్లుమంటుంది, చెయ్యి వెనక్కి లాక్కుంటారు, అంతటితో సరి. అదే ఒళ్ళు తడిసి ఉంటే చర్మం అడ్డు చాలావరకు పోతుంది. మిగిలేది లోపలి రక్తమాంసాలు. అవి ఉప్పునీళ్ళతో నిండి ఉంటాయి కాబట్టి కరెంటుకి సుఖమైన దారి. అడ్డు 1,000 ఓములకి దిగజారిందంటే అదే 230 ఓల్టులు 230 మిల్లీ ఆంపియర్లని ఒంట్లోంచి తోస్తాయి. ఇంచుమించు 50 రెట్లు!

‘ఆ ఫ్రిజ్ ఎప్పుడూ కొంచెం జిల్లుమంటూనే ఉంటుంది, మాకలవాటే’ అని కొందరు నవ్వుతూ చెబుతారు. అది అలవాటు చేసుకోవలసిన విషయం కాదు సుమా. నిన్న జిల్లుమన్న ఫ్రిజ్, అంట్లు తోమిన తడిచేత్తో ఇవాళ ముట్టుకుంటే ప్రాణం తీయవచ్చు. ఆ జిల్లు ఒక హెచ్చరిక. ఆ క్షణాన్నే ప్లగ్గు తీసేసి, ఎలక్ట్రీషియన్ని పిలిపించవలసిందే.

పట్టుకునేది మన కండరాలే

‘కరెంటు పట్టుకుని లాగేసింది’ అంటాం మనం. నిజానికి కరెంటు ఎవర్నీ లాగదు, పట్టుకోదు. పట్టుకునేది మన చెయ్యే.

మన కండరాలు పని చేసేది కూడా ఒక రకమైన విద్యుత్తుతోనే. మెదడు నుంచి నరాల వెంట అతి స్వల్పమైన విద్యుత్ సంకేతాలు వస్తే కండరం ముడుచుకుంటుంది. బయటినుంచి అంతకంటే బలమైన కరెంటు వచ్చినప్పుడు కండరానికి మెదడు మాట వినబడదు. ఇళ్ళల్లో వచ్చే కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలు తిరుగుతుంది. ఆ అదురుకి కండరం విశ్రాంతి లేకుండా బిగుసుకుపోతుంది. అరచేతిని ముడిచే కండరాలు, తెరిచే కండరాలకంటే బలమైనవి. రెండూ ఒకేసారి బిగుసుకుంటే గెలిచేది ముడిచేవే. అందుచేత తీగను పట్టుకున్న పిడికిలి మరింత గట్టిగా బిగుస్తుంది. మనిషి వదిలేయాలని ఎంత ప్రయత్నించినా వదలలేడు.

అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన చార్లెస్ డాల్జీల్ అనే ఇంజనీరు ఈ విషయాన్ని స్వచ్ఛందంగా ముందుకొచ్చిన 134 మంది పురుషుల మీద, 28 మంది స్త్రీల మీద పరీక్షించి చూశాడు. సగటున పురుషులు 16 మిల్లీ ఆంపియర్లు దాటితే, స్త్రీలు పదిన్నర దాటితే పట్టుకున్నదాన్ని వదలలేకపోయారని తేలింది. పిల్లలకి ఇంకా తక్కువ చాలు. 1 మిల్లీ ఆంపియరు దగ్గర చురుక్కుమనడం మొదలవుతుంది. పది, పదహారు దగ్గర చెయ్యి మన వశం తప్పుతుంది. ఈ రెండింటికీ మధ్య దూరం ఎంత తక్కువో చూశారా?

గుండె లయ తప్పితే

20, 30 మిల్లీ ఆంపియర్లు ఛాతీలోంచి వెళితే ఊపిరి తీసే కండరాలు బిగుసుకుని శ్వాస ఆగిపోవచ్చు. 30 దాటి 50 వైపు వెళ్ళి, ఆ ప్రవాహం కొద్ది సెకన్లు నిలబడితే గుండె లయ తప్పే ప్రమాదం మొదలవుతుంది. 100 దాటితే మరీ ప్రమాదం.

లయ తప్పడమంటే ఏమిటి? గుండెలో లక్షలాది కండర తంతువులున్నాయి. అవన్నీ ఒక్కసారి ముడుచుకుని, ఒక్కసారి వదులైతేనే రక్తం బయటికి చిమ్ముతుంది. పల్లకీ బోయీలు ఒకే అడుగుగా నడిచినట్లన్నమాట. కరెంటు ఆ వరసను చెదరగొడుతుంది. ఏ తంతువుకు ఆ తంతువు తన ఇష్టం వచ్చినట్లు అదరడం మొదలుపెడుతుంది. గుండె కదులుతూనే ఉంటుంది, రక్తం మాత్రం బయటికి రాదు. మెదడుకి రక్తం అందకపోతే మనిషి పది పదిహేను సెకన్లలో స్పృహ తప్పుతాడు. నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఆసుపత్రి ఎంత దగ్గరున్నా నాలుగైదు నిమిషాల్లో చేరలేం. ఆ సమయం ఇంట్లోవాళ్ళ చేతుల్లోనే ఉంది. అందులో ఏం చేయాలో చివర్లో చెబుతాను.

ఫ్యూజు మనల్ని కాపాడదు

‘ఇంట్లో ఫ్యూజు ఉందిగా, షాకు కొడితే అదే ఎగిరిపోతుంది’ అనుకునేవారు చాలామంది. ఇది చాలా ప్రమాదకరమైన నమ్మకం. ఫ్యూజుగాని, ఇప్పటి ఎం.సి.బి.గాని ఉన్నది వైర్లు కాలిపోకుండా, ఇల్లు అంటుకోకుండా కాపాడడానికి. వాటికి మనిషి సంగతి తెలియదు. లైట్లకి పెట్టే 6 ఆంపియర్ల ఎం.సి.బి. పడిపోవాలంటే 6,000 మిల్లీ ఆంపియర్లు దాటాలి. మనిషి ప్రాణం పోవడానికి అందులో అరవయ్యో వంతు చాలు! ఇంట్లో వెలిగే 9 వాట్ల చిన్న ఎల్.ఇ.డి. బల్బు తీసుకునేది సుమారు 40 మిల్లీ ఆంపియర్లు. ఆ బల్బు వెలగడానికి సరిపోయే కరెంటు గుండెను ఆపడానికి కూడా సరిపోవచ్చు.

మనిషి కోసం తయారైన సాధనం వేరే ఉంది. దాని పేరు ఆర్.సి.సి.బి. ఇది ఫేజులో వెళ్ళిన కరెంటూ, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా లేదా అని ఎప్పుడూ లెక్క చూస్తూ ఉంటుంది. వెళ్ళినదానికంటే తిరిగొచ్చింది తగ్గిందంటే ఆ తేడా ఎక్కడో కారిపోతోందన్నమాట, బహుశా ఒక మనిషి ఒంట్లోంచి నేలలోకి. తేడా 30 మిల్లీ ఆంపియర్లకి చేరేలోపే, సెకనులో చిన్న భాగంలో, మొత్తం కరెంటు ఆపేస్తుంది. గుండె లయ తప్పేంత వ్యవధి ఇవ్వదు. ఇళ్ళకి 30 మిల్లీ ఆంపియర్లదే కావాలని అడిగి తీసుకోండి. 100, 300 రకాలూ దొరుకుతాయిగాని అవి ప్రధానంగా అగ్నిప్రమాదాల నివారణకి పనికొచ్చేవి.

దానిమీద ‘టి’ అని రాసిన చిన్న మీట ఉంటుంది. నెలకోసారి దాన్ని నొక్కి చూడండి. కరెంటు పోవాలి. పోకపోతే పెట్టె చెడిపోయిందన్నమాట. ఆర్.సి.సి.బి. ఉంది కదా అని ధీమాగా ఉండడం మాత్రం తగదు. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే దాని లెక్కలో తేడా రాదు. ఆ మనిషినీ ఒక బల్బే అనుకుంటుంది.

మూడో పిన్ను ఎందుకు?

ఒక పాఠకురాలు ఇలా రాశారు: “మా ఇంట్లో వాషింగ్ మెషిను ముట్టుకుంటే చేతికి చీమలు పాకినట్లుంటుంది. కొత్త మెషినే. కంపెనీ మనిషి వచ్చి బాగానే ఉందన్నాడు. మావారు, నీకే అలా అనిపిస్తోంది, భయం వల్ల అంటున్నారు. నిజంగా నా భ్రమేనా?”

భ్రమ కాదమ్మా. ఆ మెషిను ప్లగ్గు పెట్టిన సాకెట్టులో ఎర్తు పని చేయడం లేదేమో ముందు చూపించండి. మూడు పిన్నుల ప్లగ్గులో పైనుండే లావుపాటి పిన్నుకి కలిపిన ఆకుపచ్చ వైరు మెషిను ఇనప తొడుగును నేలతో కలుపుతుంది. లోపల ఫేజు తీగ ఎక్కడైనా తొడుగుకి తగిలితే కరెంటు మీ ఒంట్లోంచి కాకుండా ఆ వైరులోంచి నేలకి పోతుంది. అంత ప్రవాహానికి ఫ్యూజు కూడా ఎగిరిపోతుంది. ఆ పిన్ను మిగతావాటికంటే పొడవుగా ఎందుకుంటుందో ఆలోచించారా? ప్లగ్గు పెట్టేటప్పుడు అందరికంటే ముందు అది తగలాలి, తీసేటప్పుడు అందరికంటే వెనక వదలాలి. అంటే కరెంటు ఉన్నంతసేపూ కాపలా ఉండాలన్నమాట.

మన ఇళ్ళల్లో ఈ కాపలావాణ్ణి చాలా తేలిగ్గా తీసిపారేస్తున్నాం. ప్లగ్గు పట్టకపోతే మూడో పిన్ను విరగ్గొట్టేవాళ్ళున్నారు. ఇస్త్రీపెట్టెకి రెండు పిన్నుల ప్లగ్గు వేసేవాళ్ళున్నారు. వైరు కొసలు అగ్గిపుల్లలతో సాకెట్టులో దూర్చేవాళ్ళున్నారు. కొన్ని ఇళ్ళల్లో సాకెట్టుకి మూడు రంధ్రాలుంటాయిగాని మూడోదానికి వెనక వైరే ఉండదు. అద్దెకు దిగేముందు కుళాయిలో నీళ్ళొస్తున్నాయా అని చూస్తారు కదా, ఎర్తు ఉందా అని కూడా ఎలక్ట్రీషియన్ చేత చూపించుకోండి. పెరట్లో ఎర్తు గుంట ఉంటే ఎండాకాలంలో అప్పుడప్పుడు నీళ్ళు పోస్తూ ఉండాలి. నేల ఎండిపోతే అది సరిగా పని చేయదు.

ఇంట్లో ఎక్కడెక్కడ జాగ్రత్త?

అన్నిటికంటే ముందు స్నానాలగది. బకెట్టులో నీళ్ళు కాచే రాడ్డు పెట్టి, వేడెక్కాయా లేదా అని వేలు ముంచి చూసే అలవాటు చాలామందికి ఉంది. ఆ వేలే చివరి వేలు కావచ్చు. రాడ్డు నీళ్ళలో ఉంచి ముందు ప్లగ్గు పెట్టాలి. అయ్యాక స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, తర్వాతే రాడ్డు తీసి, ఆ పైన నీళ్ళు ముట్టుకోవాలి. ఇనప బకెట్టు వాడకండి. పిల్లలు తిరిగే చోట అసలే వద్దు. గీజరు ఉన్నవాళ్ళు నీళ్ళు కాగాక స్విచ్చి ఆపి, ఆ తర్వాత స్నానానికి వెళ్ళడం మంచి అలవాటు.

ఎండాకాలంలో కూలరు. దాంట్లో నీళ్ళు, ఇనప రేకు, మోటారు మూడూ ఒకచోటే ఉంటాయి. ప్లగ్గు తీయకుండా నీళ్ళు పోయకూడదు, తుడవకూడదు. సంపులో మోటారు పెట్టినవాళ్ళు, ప్లగ్గు తీయకుండా సంపులోకి దిగడంగాని, పైపు పట్టుకుని మోటారుని లాగడంగాని చేయవద్దు.

వంటింట్లో మిక్సీ, గ్రైండరు తడిచేత్తో ముట్టుకోకండి. గిన్నె కడిగి వెంటనే బిగించేటప్పుడు అడుగున తడి ఉందేమో తుడవండి.

బల్బు మార్చేటప్పుడు స్విచ్చి ఆపాం కదా అని నమ్మకండి. వైరింగు చేసినవాడు స్విచ్చిని ఫేజులో కాక న్యూట్రల్‌లో పెట్టి ఉంటే, బల్బు ఆరినా హోల్డరులో కరెంటు ఉంటూనే ఉంటుంది. మెయిన్ ఆపడమే మేలు. ఇంట్లో ఇన్వర్టరు ఉంటే మెయిన్ ఆపినా దాని లైన్లలో కరెంటు వస్తూనే ఉంటుంది. దాన్ని కూడా ఆపాలి.

సెల్‌ఫోను చార్జరు వైరు సాకెట్టుకి ఉండగానే కొసను మంచం మీద వదిలేస్తారు కొందరు. పాకే పిల్లలు అందిందల్లా నోట్లో పెట్టుకుంటారు. నాసిరకం చార్జరయితే లోపల అడ్డు తెగి ఆ కొసలోకి పూర్తి ఓల్టేజి రావచ్చు. పసిపిల్లలు వైరు కొరికితే పెదవి మూల కాలుతుంది. ఆ పుండు చూడడానికి చిన్నదే. కాని అయిదు రోజుల నుంచి రెండు వారాల లోపు పెచ్చు ఊడినప్పుడు అక్కడి రక్తనాళం తెగి ధారగా రక్తం కారవచ్చు. మొదటిరోజునే డాక్టరుకు చూపించాలి. అందే ఎత్తులో ఉన్న సాకెట్లకి మూతలు పెట్టండి.

మేడమీద జాగ్రత్త మరొకటుంది. వీధిలో వెళ్ళే 11,000 ఓల్టుల తీగల్ని ముట్టుకోనక్కరలేదు, బాగా దగ్గరకి వెళితే చాలు, కరెంటు గాలిలోంచే దూకుతుంది. పందిరి గుంజలు, ఇనప నిచ్చెనలు, సంక్రాంతి గాలిపటాలు ఆ వైపు వెళ్ళనివ్వకండి. తీగకి చిక్కిన గాలిపటం కోసం ఇనప ఊచ చాపే పిల్లవాణ్ణి చూస్తే పరుగెత్తి ఆపండి. వినాయక చవితి పందిళ్ళలో సీరియల్ బల్బుల అతుకులకి పైన టేపు చుట్టారా, వైర్లు తడినేల మీద పడి ఉన్నాయా అని పెద్దవాళ్ళెవరైనా ఒకసారి చూడడం అవసరం.

షాకు కొట్టినప్పుడు ఏం చేయాలి?

ఇప్పుడు అసలు సంగతి. మీ కళ్ళముందు మీ మనిషికి షాకు కొడుతోంది. మొదట చేయవలసింది ఒక్కటే, చాలా కష్టమైనది: ముట్టుకోకండి. మీరు ముట్టుకుంటే మీ చెయ్యి కూడా బిగుసుకుంటుంది. అప్పుడు కాపాడడానికి ఎవరూ మిగలరు.

వెంటనే మెయిన్ ఆపండి, లేదా ప్లగ్గు లాగేయండి. మెయిన్ ఎక్కడుందో ఇంట్లో పదేళ్ళ పిల్లవాడికి కూడా తెలిసి ఉండాలి. అది దూరంగా ఉంటే పొడి చెక్కమీదో, ప్లాస్టిక్ స్టూలు మీదో నిలబడి, పొడి కర్రతోగాని ప్లాస్టిక్ కుర్చీతోగాని మనిషిని తీగ నుంచి నెట్టేయండి. పచ్చికర్ర, తడిగుడ్డ, ఇనప వస్తువు పనికిరావు. ఇదంతా ఇంట్లో వచ్చే కరెంటుకే. వీధి తీగ తెగి పడిన చోట మాత్రం ఏ కర్రా పనికిరాదు. కనీసం పది మీటర్ల దూరంలో ఉండి, ఎవర్నీ దగ్గరకు రానివ్వకుండా, 1912కి ఫోను చేసి లైను ఆపించాలి. అలాంటి తీగకి మీరే దగ్గరలో ఉన్నారని తెలిస్తే పెద్ద అంగలు వేయకండి. రెండు పాదాలూ కలిపి, నేలమీద ఈడుస్తూ వెనక్కి రండి.

కరెంటు ఆగాక భుజం తట్టి పిలవండి. పలకకపోతే, ఊపిరి మామూలుగా తీయకపోతే, గుండె ఆగిందనే అనుకోండి. ఆగి ఆగి ఎగశ్వాసలాగా తీసే ఊపిరి ఊపిరి కాదు. ఒకరు 108కి ఫోను చేస్తుండగా ఇంకొకరు పని మొదలుపెట్టాలి. మనిషిని గట్టినేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. ఛాతీ మధ్య ఎముక మీద అరచేతి మడమ ఉంచి, దానిమీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా నొక్కండి. పెద్దవాళ్ళకి ఛాతీ 5, 6 సెంటీమీటర్లు దిగాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. నేర్చుకున్నవాళ్ళు 30 నొక్కులకి రెండుసార్లు నోటితో ఊపిరి ఊదాలి. నేర్చుకోనివాళ్ళు నొక్కడం ఒక్కటి ఆపకుండా చేసినా మేలే. అలసిపోతే పక్కవాళ్ళకి అప్పగించండి. అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు.

ఈ పద్ధతి ఎక్కడ పుట్టిందో తెలుసా? విలియం కౌవెన్‌హోవెన్ డాక్టరు కాదు, ఎలక్ట్రికల్ ఇంజనీరు. కరెంటు షాకుతో చనిపోతున్న లైనుమెన్‌లని ఎలా బతికించాలా అని ఏళ్ళ తరబడి పరిశోధన చేశాడు. 1960లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో ఆయనా, మరి ఇద్దరు సహచరులూ ఛాతీని బయటినుంచి నొక్కి రక్తప్రసారం నిలబెట్టవచ్చని ప్రకటించారు. ఇవాళ ప్రపంచమంతటా గుండె ఆగినవాళ్ళకి చేసే చికిత్సకి మూలం కరెంటు షాకే.

చేయకూడనివి కూడా కొన్నున్నాయి. షాకు కొట్టిన మనిషిని మట్టిలో కప్పిపెట్టడం, అరచేతులూ అరికాళ్ళూ రుద్దుతూ కూర్చోవడం, స్పృహ లేనివాడి నోట్లో నీళ్ళో సోడాయో పోయడం వల్ల ఉపయోగం లేదు. విలువైన నిమిషాలు వృథా అవుతాయి. నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతే కొత్త ప్రమాదం.

లేచి కూర్చున్నాడు కదా అని

షాకు కొట్టి, కాసేపటికి తేరుకుని ‘నాకేం కాలేదు’ అనేవాళ్ళని కూడా కొన్ని సందర్భాల్లో ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. స్పృహ తప్పినా, గుండె దడ, ఛాతీనొప్పి, ఆయాసం ఉన్నా, కాలిన గాయం ఉన్నా, తడిలో షాకు కొట్టినా, పడిపోయి తలకో నడుముకో దెబ్బ తగిలినా ఆలస్యం చేయకండి. గర్భిణులయితే ఎంత చిన్న షాకైనా చూపించుకోవాలి. అక్కడ ఇ.సి.జి. తీసి గుండె లయ చూస్తారు.

కరెంటు గాయాన్ని పైనుంచి చూసి అంచనా వేయకూడదు. చర్మం మీద రూపాయి బిళ్ళంత మచ్చే ఉండవచ్చు. లోపల కండరాలు ఉడికిపోయి ఉండవచ్చు. అలా పాడైన కండరాల నుంచి వచ్చే పదార్థం మూత్రపిండాల్ని దెబ్బతీస్తుంది. మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే అది అత్యవసరం. కరెంటు ఆగాక, కాలినచోట 20 నిమిషాలు మామూలు కుళాయి నీళ్ళు ధారగా పోసి, శుభ్రమైన గుడ్డ కప్పి తీసుకెళ్ళండి. టూత్‌పేస్టు, సిరా, పసుపు పూయకండి.

ఈ ఆదివారం ఒక గంట కేటాయించండి. ఇల్లంతా ఒకసారి తిరగండి. విరిగిన ప్లగ్గులు, టేపు చుట్టిన వైర్లు, జిల్లుమనే వస్తువులు ఒక కాగితం మీద రాసుకుని ఎలక్ట్రీషియన్ని పిలిపించండి. మెయిన్ స్విచ్చి ఎక్కడుందో అందరికీ చూపించండి. ఎలా ఆపాలో పిల్లల చేత ఒకసారి చేయించండి. అన్నిటికంటే ముందు పెరట్లోకి వెళ్ళి దండెం చూడండి. ఇనపతీగ అయితే ఇవాళే విప్పేసి ప్లాస్టిక్ తాడు కట్టండి. విప్పేముందు మెయిన్ ఆపడం మాత్రం మరచిపోకండి.